తెల్ల కాంచనం గింజలు

గింజ నాటి పూలచెట్లు పెంచడంలో ఆమెకు సాటి ఆ చుట్టుపక్కల ఎవరూ లేరు. కాకపోతే ఎవర్నీ ఓ పట్టాన నమ్మదు. వీధిలో అందరూ చాటుగా ఆమెను "అనుమానాలక్క" అనేవారు.

పార్కులో ఒకే ఒక్క తెల్ల కాంచనం చెట్టు ఉండేది. దాని గింజల కోసం మూడేళ్లు తోటమాలి చుట్టూ కాళ్లరిగేలా తిరిగింది. నాలుగో ఏడు అతనే పిలిచి, ఎండి పేలబోతున్న కాయలు ఒళ్లో పోశాడు.

"ఇంత తేలిగ్గా ఎందుకిచ్చాడ్రా?" అంది తమ్ముడితో.

"ఇవ్వనప్పుడు తిట్టావు. ఇస్తే ఇదా?" అన్నాడు, మొక్కలకు నీళ్లు పట్టే తమ్ముడు.

గింజలు బాగానే మొలిచాయి. ఏడాది పెంచి, బలమైన మొక్కలు ఇరవై ఏరి ఎదుటి బడికి ఇచ్చింది. "తెల్లగా విరగపూస్తాయి, చూడండి" అని పెద్ద టీచరమ్మకు గట్టిగా చెప్పింది.

మూడేళ్లకు పూశాయి. ఒకటీ అరా తప్ప అన్నీ గులాబీ రంగే.

"నువ్వన్న తెలుపు ఇదేనా?" అంది టీచరమ్మ. అనుమానాలక్కకు తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చి తమ్ముణ్ణి నిలదీసింది. "కుండీలు మార్చేశావు కదూ? మంచివి ఎవరికిచ్చావు?"

అతను పైపు కింద పడేశాడు. "ఇన్నేళ్లు నీకు మట్టి మోసింది ఈ మాట అనిపించుకోడానికా అక్కా?" అని వెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

ఇక మిగిలింది తోటమాలి. అతను ఆమె కేకలన్నీ విని, పనిముట్ల గది వెనక్కి తీసుకెళ్లాడు. అవే కాయల గింజలతో తను పెంచిన ఏడు చెట్లు అక్కడ పూసి ఉన్నాయి. రెండు తెలుపు, ఐదు గులాబీ.

"గోడవతల ఉన్నవన్నీ గులాబీ కాంచనాలే. తేనెటీగలు ఆ పుప్పొడి తెచ్చి మన తెల్లచెట్టు పూలకి పూస్తాయి. ఆరోజే చెప్పబోయాను. గింజలిచ్చి ఊరుకో అన్నావు."

ఆమె వంగి ఒక చెట్టు మొదట్లో మట్టి గోకి చూసింది, ఈమధ్యే తెచ్చి పాతాడేమోనని. వేళ్లు లోతుగా దిగి ఉన్నాయి.

అక్కణ్ణుంచి తిన్నగా తమ్ముడింటికి వెళ్లింది. మరదలు కుర్చీ వేసింది. తమ్ముడు తలెత్తలేదు.

"తప్పు నాదేరా, నోరు జారాను" అంది. కుర్చీ ముందుకు జరుపుకుని, "ఈసారి తేనెటీగలు దూరకుండా ఆ తెల్లచెట్టు మొగ్గలకి గుడ్డసంచులు కట్టాలి. నిచ్చెన పట్టుకోడానికి నిన్ను తప్ప ఎవర్నీ నమ్మబుద్ధి కావట్లేదు."

"నేను వదిలేస్తే?"

"వదిలేస్తే పడతాను."

మర్నాడు పొద్దున్నే అతను నిచ్చెన భుజాన వేసుకుని పార్కుకు వచ్చాడు. ఇద్దరూ కలిసి నలభై మొగ్గలకు సంచులు కట్టారు. పూలు విచ్చాక ఆ చెట్టు పుప్పొడే కుంచెతో అద్దారు.

ఆ గింజల మొక్కలు ఇప్పుడు నడుమెత్తు ఉన్నాయి. ఇంకా పూత పట్టలేదు. ఏ రంగని అడిగినవాళ్లకు తమ్ముడు తెలుపే అని చెబుతాడు. ఆమె మాత్రం, "చూద్దాం" అంటుంది.