పావురాల కథ రాసినాయన

మా మావయ్య సిద్వాన్ మరెషో అడవుల మీద చిన్న అధికారి. మార్న్ నది ఒడ్డున మా ఊళ్ళో ఆయన పరధ్యానం గురించి చెప్పుకుని నవ్వని ఇల్లు లేదు. ఒకసారి దారిలో కుందేలు పిల్లలు కనబడితే గుర్రం దిగి చూస్తూ ఉండిపోయాడు. గుర్రం ఒక్కటే ఇంటికొచ్చింది. అమ్మ పోయాక నేను వాళ్ళింట్లోనే పెరిగాను. జంతువుల చేత మాట్లాడిస్తూ ఆయన రాసే పద్యాలన్నీ నాకూ క్లోదీన్ అత్తకూ ముందే వినిపించేవాడు.

ఆ ఏడు కోటలోని దొరగారి పావురాలు చల్లిన గింజలన్నీ తినేశాయి. వాటి మీద రాయి వేస్తే శిక్ష. జనం మళ్ళీ విత్తుకున్నారు. మావయ్య దాని మీద కథ కట్టాడు. పావురాలు పొలమంతా మేస్తాయి, పిచ్చుక రాలిన గింజ ఒకటి ఏరుకుంటుంది. గుడ్లగూబ న్యాయాధికారి పిచ్చుకనే దోషి అంటాడు, పావురాలకున్నట్టు దానికి రాతి గూడు లేదు కాబట్టి. చివరికి దాని రెక్కలు కత్తిరిస్తారు.

మా బండి తోలే తియెనోకి చదువు రాదు కానీ మావయ్య చదివేది గుమ్మంలోంచి ఒక్కసారి వింటే చాలు, నోటికొచ్చేది. సెయింట్ మార్టిన్ పండగనాడు సారాయి కొట్లో, గుడ్లగూబలా గొంతు మార్చి ఆ కథ ఎత్తుకున్నాడు. జనం పొట్టలు పట్టుకుని నవ్వుతుండగా దొరగారి మనుషులు వచ్చి మధ్యలోనే పట్టుకుపోయారు. ఎవరు రాశారంటే, ఎక్కడో విన్నానన్నాడట. ఎంత కొట్టినా అదే మాట.

మావయ్య ఆ మర్నాడే, దొరగారి పేర ఊళ్ళో తీర్పులు చెప్పే దివాను దగ్గరికి వెళ్ళి, రాసింది తనేనని చెప్పాడు. దివాను కుర్చీ వేయించి, వైన్ పోయించి, ఆ కథ చదవమన్నాడు. సాక్ష్యం కింద అడుగుతున్నాడనుకుని మావయ్య మొదటి నుంచి చివరిదాకా చదివాడు. దివాను కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వాడు.

"ఆ గుడ్లగూబ నేనేగా? భలే పట్టారండీ."

"తియెనోని వదిలేయండి. ఆ మాటలు నావి."

"మీ నోట్లో ఉంటే అది కవిత్వం, మరెషో గారూ. వాడి నోట్లో ఉంటే తిరుగుబాటు."

తియెనోకి మార్సెయ్ రేవులో రాజుగారి ఓడల మీద తెడ్లు వేసే శిక్ష పడింది. మావయ్య తనకు తెలిసిన పెద్దవాళ్ళందరికీ మొరపెట్టుకున్నాడు. ఒక్కరూ పలకలేదు.

తియెనో భార్య నికోల్‌ని చూడ్డానికి వెళ్తూ నన్ను తోడు తీసుకెళ్ళాడు. ఆవిడ రొట్టెల పిండి పిసుకుతోంది. చేతులు ఆపకుండానే అడిగింది.

"ఆ పిచ్చుక ఆఖరికి ఏమవుతుంది అయ్యగారూ? ఇంట్లో చెప్పమంటే, కొట్లో అందరితో పాటు విందువుగానిలే అన్నాడు. చివరిదాకా చెప్పనేలేదు."

మావయ్య "ఎగిరిపోతుందమ్మా" అన్నాడు.

"అలాగా" అని ఆవిడ మళ్ళీ పిండి వైపు తిరిగింది.

ఇంటికొచ్చి ఆ చివరి పాదాలు కొట్టేసి, పిచ్చుకని ఎగరేయడానికి కూర్చున్నాడు. చలికాలమంతా రాస్తూనే ఉన్నాడు. ఒక్క పాదమూ కుదరలేదు. ఆ తర్వాత ఆయన మరో కథ రాయలేదు.

మరుసటేడు తియెనో జ్వరంతో పోయాడని కబురొచ్చింది. పాత కథల్ని ప్యారిస్‌లో అచ్చు వేశారు, పెద్దింటి ఆడవాళ్ళు మెచ్చుకున్నారని చెప్పుకున్నారు. పావురాల కథ మాత్రం ఆయన ఇవ్వలేదు. ఉద్యోగం మానేసి, విత్తనాల రోజుల్లో నికోల్ పొలం గట్టున కూర్చుని టోపీ ఊపుతూ పావురాల్ని తోలేవాడు. మతి చలించిందన్నారు జనం. నికోల్ మాత్రం పొమ్మనలేదు, మధ్యాహ్నం ఇంత సూప్ తెచ్చి పక్కన పెట్టేది.

నది గడ్డకట్టిన ఏడు మావయ్య పోయాడు. నికోల్ పిలవకుండానే వచ్చింది. అత్తా ఆవిడా కలిసి నీళ్ళు కాచి, ఆయన ఒళ్ళు తుడిచి, ఉతికిన చొక్కా తొడిగారు.