తల్లిగారింటికి పోయిన లెక్క

రజియాకు భయం ఎక్కువ. ఇంటికి తాళం వేసి సందు చివరి దాకా వచ్చి, మళ్లీ వెనక్కి పోయి తాళం లాగి చూసుకునే మనిషి. గ్యాస్ కట్టేశానా లేదా అని కాలేజీ నుంచి పక్కింటావిడకు ఫోన్ చేసే మనిషి. తాండూరులో మా డిగ్రీ కాలేజీలో ఆమె కంప్యూటర్లు చెబుతుంది, నేను తెలుగు చెబుతాను. స్టాఫ్ రూములో మా కుర్చీలు పక్కపక్కనే. "నువ్వు భయపడని రోజు నాకు భయమేస్తుందమ్మా" అని ఏడిపించేదాన్ని. ఆమె నవ్వేది కాదు. "భయమున్నోళ్లకే తప్పులు దొరుకుతయ్ నాగరాణక్కా" అనేది. ఆ మాట నిజమే, పిల్లలు రాసిన ప్రోగ్రాముల్లో ఎక్కడ చుక్క తప్పినా ఆమె కంటికి ఇట్టే దొరికేది.

అలాంటి మనిషి నెత్తిన మా ప్రిన్సిపాల్ జిల్లా ఆరోగ్యాన్ని పెట్టాడు. వికారాబాద్‌లో ఒక కార్యాలయం వాళ్లు కాలేజీలకు కబురు పంపారు. ప్రభుత్వం నెలనెలా అందరూ చూసేలా ఇంటర్నెట్‌లో పెట్టే ఆరోగ్య లెక్కలున్నాయి కదా, వాటితో ఒక్క పేజీ చేసి చూపించండి అని. దాన్ని డాష్‌బోర్డు అంటారట. ఒక్క చూపులో జిల్లా అంతా కనబడాలి, పెద్ద సార్లకు రెండో పేజీ తిప్పే ఓపిక ఉండదు. కాలేజీ పేరు పేపర్లో పడుతుందంటే మా ప్రిన్సిపాల్ గోడ దూకమన్నా దూకుతాడు. రజియాను అడగకుండానే ఆమె పేరు పంపేశాడు.

ఆమె భయపడుతూనే మొదలుపెట్టింది. ఆ లెక్కల్లో మనుషుల పేర్లుండవు, ఊరూరికీ అంకెలే ఉంటాయి. ఒకే ఊరిని ఒక నెల ఒకలా, ఇంకో నెల ఇంకోలా రాసి ఉంటారు. కొన్ని గడులు ఖాళీగా ఉంటాయి. కందుల్లో రాళ్లేరినట్టు రోజూ ఏరుతూ కూర్చునేది. చివరికి ఒక పద్ధతి పెట్టుకుంది. ఒక ఊళ్లో కడుపుతో ఉన్నామని ఎంతమంది పేరు రాయించుకున్నారు, ఎంతమందికి కాన్పు అయినట్టు లెక్కలో ఉంది, ఆ రెంటి మధ్య తేడా ఎంత? తేడా తక్కువైతే పచ్చ గడి, కొంచెం ఉంటే పసుపు, బాగా ఉంటే ఎరుపు.

పేజీ తయారైన రోజు నన్ను పిలిచి చూపించింది. జిల్లా అంతా పచ్చగా, అక్కడక్కడా పసుపుగా ఉంది. కర్ణాటక సరిహద్దు పక్కన ఒక్క గడి మాత్రం నెత్తురు రంగులో ఉంది. ఆ ఊరు గుండ్లమడుగు. అక్కడ పేరు రాయించుకున్న ఆడవాళ్లలో సగానికి పైగా కాన్పు అయినట్టు ఎక్కడా లేదు.

"అక్కా, గీ ఆడోళ్లంత ఎటు పోయిన్రు?" అంది రజియా.

ఆమె ఆ గడిని తీసేద్దామనుకుంది. తీసేస్తే దొంగలెక్క అవుతుందని మళ్లీ భయం. ఉంచింది. వికారాబాద్‌లో ఒక హాల్లో తెర మీద ఆ పేజీ వేస్తే అందరూ చప్పట్లు కొట్టారు. ఆ ఎరుపు ఏంటమ్మా అని ముందు వరుసలో ఒకాయన అడిగాడు. "నాకు తెల్వదు సార్. ఎవలన్న పోయి జర మెల్లగ అడిగి చూడాలె" అంది రజియా. ఆ మెల్లగ అన్న మాట ఎవరి చెవినా పడలేదు. ఎవరో తెరను ఫోటో తీశారు. మేం రైలు దిగి తాండూరు స్టేషన్ బయటికొచ్చేసరికి ఆ ఫోటో మా ఫోన్లలోకే వచ్చింది. కింద ఒక వాక్యం కూడా చేర్చారు: ఈ ఊరిలో కడుపులు ఏమవుతున్నాయి?

ఇక చెప్పాలా! స్కానింగులు చేయించి ఆడపిల్లల్ని కడుపులోనే తీసేస్తున్నారని ఒకడు, తీసేవాడు ఫలానా అని ఇంకొకడు. నిజం గడప దాటేలోపు అబద్ధం లోకం చుట్టి వస్తుందంటారు, ఈ ఫోన్లొచ్చాక దానికి చుట్టే శ్రమ కూడా లేదు. వారం తిరక్కుండా గుండ్లమడుగుకు అధికారుల జీపు పోయింది. ఇంటింటి ముందు కోడళ్లను నిలబెట్టి, నీ కడుపు ఏమైందని అడిగారని విన్నాం. ఆ ఊరి ఆశా కార్యకర్త బుగ్గమ్మను రోజంతా కూర్చోబెట్టి ప్రశ్నలేశారట.

రజియా అన్నం మానేసింది. నేను ఆమె ఇంటికి పోయి కూర్చున్నాను. వాళ్లమ్మ చాయ్ ఇచ్చి, తన పాటికి తాను చిన్న కూతురి సంగతి ఎత్తుకుంది. ఇరమ్‌ను కోట్‌పల్లిలో ఇచ్చారు, ఇప్పుడు తొలి కడుపుతో ఉంది.

"ఇరమ్‌కు ఏడో నెల పడ్డది బేటీ. ఐతారం పోయి తోల్కొస్త. పురుడు ఈడనే గద పోయాలె" అంది ఆమె.

రజియా చేతిలో చాయ్ గ్లాసు అలాగే ఆగిపోయింది. "అమ్మీ, ఇరమ్ పేరు యాడ రాసిన్రు?"

"కోట్‌పల్లిల రాసిన్రు. అత్తగారూరు గదనే?"

"యా అల్లా!" అంది రజియా.

నాకూ అప్పుడే తట్టింది. తొలి కాన్పు తల్లిగారింట్లో జరగడం మా వైపు పుట్టిన ప్రతి ఆడదానికీ తెలుసు. నేనూ మా అమ్మ దగ్గరే కన్నాను, రజియా కూడా అంతే. అయినా తెర ముందు కూర్చుంటే మాకిద్దరికీ గుర్తు రాలేదు. పేరు అత్తగారి ఊళ్లో ఎక్కుతుంది, కాన్పు తల్లిగారి ఊళ్లో ఎక్కుతుంది. సరిహద్దు ఊళ్ల వాళ్లు ఎక్కువగా కోడళ్లను అటు నుంచే తెచ్చుకుంటారు. తల్లిగారిల్లు కర్ణాటకలో ఉంటే ఆ కాన్పు అక్కడి లెక్కలోకి పోతుంది, ఇక్కడి గడి ఖాళీగా మిగులుతుంది. ఖాళీని కంప్యూటర్ సున్నా అనుకుంది. సున్నాను జనం హత్య అనుకున్నారు.

గుండ్లమడుగులో రజియాకు తెలిసిన మనిషి ఒక్కతే ఉంది, మా కాలేజీలో చదివి ఆ ఊరికి కోడలుగా పోయిన మల్లిక. వెంటనే ఫోన్ చేసింది. నాకూ వినబడేలా పెట్టింది.

"మల్లికా, మీ ఊరి కోడళ్లు యాడియాడికెల్లి వచ్చిన్రు?"

"సగం మంది చించోళి దిక్కుకెల్లి, సేడం దిక్కుకెల్లి మేడం. నాది గూడ గా కర్ణాటక దిక్కే."

"కాన్పులకు యాడికి పోతరు?"

"తల్లిగారింటికే గద మేడం. గిదేం అడుగుడు?"

"నువ్వెట్లున్నవ్ రా?"

"మంచిగున్న మేడం" అని గబుక్కున పెట్టేసింది.

రజియా పేజీ మార్చింది. ఖాళీ గడులకు బూడిద రంగు వేసి, పక్కన తెలియదు అని రాసింది. సరిహద్దు ఊళ్లన్నీ బూడిద రంగులోకి వచ్చాయి. తప్పు నాదేనని రాసి ఆ కార్యాలయానికి పంపింది, ఫోటో తిరిగిన గ్రూపులన్నిటికీ పంపింది. ఒక్కరూ ముందుకు పంపలేదు. కార్యాలయం నుంచి ఒకాయన ఫోన్ చేసి, బూడిద రంగు బాగోదమ్మా, మనం పనిచేయనట్టు ఉంటుంది, గోడ మీద టీవీకి పాత పేజీనే పెట్టేశాం, ప్రతినెలా దానంతటదే మారుతుంది అన్నాడు. ఆ ఫోన్ నా చేతికిచ్చి ఉంటే నాలుగు దులిపేదాన్ని. రజియా మాత్రం సరే సార్ అంది.

తర్వాతి నెల లెక్కలొచ్చాయి. గుండ్లమడుగు పచ్చగా మారింది. ప్రిన్సిపాల్ స్టాఫ్ రూముకు మిఠాయి డబ్బా తెచ్చాడు. మన కాలేజీ పేజీ వల్ల ఒక ఊరు బాగుపడిందని ఆయన మాట్లాడుతుంటే రజియా ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆయన పోయాక నన్ను కంప్యూటర్ ముందుకు లాగింది.

"అక్కా, కాన్పులు పెరగలే. పేర్లు రాయించుకునుడే బంద్ చేసిన్రు. సూడు, ఇద్దరే ఉన్నరు. గంత పెద్ద ఊర్ల ఇద్దరే కడుపుతోని ఉంటరా?"

పేరు రాయించుకుంటే బుగ్గమ్మ ఇంటికొస్తుంది, నర్సమ్మ రక్తం చూస్తుంది, బీపీ చూస్తుంది, గోలీలిస్తుంది. పేరు లేకపోతే ఎవరూ రారు. జీపుకు భయపడి ఆ ఊరు తన కోడళ్లందరినీ దాచేసింది. ఆ సంగతి అర్థమయ్యాక చేతిలో మిఠాయిని మళ్లీ డబ్బాలో పెట్టేశాను. రజియా మల్లికకు ఫోన్ చేసింది. మోగింది గానీ ఎత్తలేదు. మర్నాడూ ఎత్తలేదు.

ఆదివారం ఇద్దరం బయలుదేరాం. బస్సు దిగి ఆటో ఎక్కాం. దారి పొడుగునా రజియా కొంగు కొస మెలిపెడుతూనే ఉంది. ఊళ్లో దిగగానే ఒక అరుగు మీద కబుర్లాడుకుంటున్న ఆడవాళ్లు లేచి లోపలికి పోయారు. తలుపులు మూసుకున్నాయి. పట్టపగలు, ఎండ ఫెళ్లున కాస్తోంది, అయినా వీధిలో మేమిద్దరమే మిగిలాం. బుగ్గమ్మ ఎదురొచ్చింది. యాభై దాటిన మనిషి, గొర్లు కాచుకునే ఇంటి నుంచి వచ్చి ఈ పనిలో చేరింది. రజియా ఎవరో తెలియగానే ఆగిపోయింది.

"ఎందుకొచ్చినవ్ మేడం? ఇంకేం రంగు పూస్తవ్?" అంది.

"తప్పయింది బుగ్గమ్మా. నన్ను తిట్టు, పడ్త. మల్లికను ఒక్కసారి సూపియ్యి."

బుగ్గమ్మ అటూ ఇటూ చూసి గొంతు తగ్గించింది. "ఎవ్వలూ నాకు తలుపు తీస్తలేరు. వాంతులైతే గ్యాస్ అంటున్నరు. పేరు రాస్తే జీపొస్తదని భయం. ఆ పిల్లను నేను సూడక నెల దాటింది మేడం. నాకు గూడ భయమైతున్నది."

మల్లిక ఇంటి ముందు వాళ్లత్త ఈశ్వరమ్మ అడ్డంగా నిలబడింది. "మల్లిక ఉన్నదా అమ్మా?" అని అడిగింది రజియా. "మా కోడలికేం లేదు. ఇంట్ల లేదు" అంది. ఆ రెండు మాటలూ ఒకదాన్నొకటి కొట్టుకుంటున్నాయని ఆమెకూ తెలుసు. అప్పుడు లోపలి నుంచి మల్లిక గొంతు వినబడింది.

"మేడమా? గా గొంతు మా మేడందే."

గోడ పట్టుకుని గడప దాకా వచ్చింది. కొంగు పొట్ట మీదికి లాక్కుంది గానీ ఏడు నెలల కడుపు కొంగుకు దాగుతుందా? నేను పొట్ట చూడలేదు, పాదాలు చూశాను. చెప్పు పట్టనంతగా ఉబ్బి ఉన్నాయి. ముఖం కూడా ఉబ్బి కళ్లు చిన్నవైపోయాయి.

"నాకేం లేదు మేడం" అంది మల్లిక. "తలకాయ నొస్తది, గంతే. కండ్ల ముంగట జర మసక మసకైతది."

బుగ్గమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కడుపుతో ఉన్నప్పుడు బీపీ పెరిగితే కనబడే లక్షణాలవి, ఆమెకు తెలుసు, మాకూ తెలుసు. రజియా ఈశ్వరమ్మ రెండు చేతులూ పట్టుకుంది.

"అమ్మా, నీ కాళ్లు మొక్కుత. ఇప్పుడే దవాఖానకు తోల్కపోదాం. ఆగితే పాణం మీదికొస్తది."

"పోతే రాస్తరు. రాస్తే మళ్ల జీపొస్తది. మొన్న నా కోడల్ని ఇంటి ముంగట నిలబెట్టి అడిగిన్రు. మాకు ఇజ్జత్ లేదా?" ఈశ్వరమ్మ ఏడుస్తోంది. ఆమె రాక్షసి కాదు, కోడలంటే ప్రేమే. కానీ మేం పెట్టిన భయం ఆ ప్రేమ కంటే పెద్దదై కూర్చుంది.

"ఊరి పేరు రాయనియ్య. నా మీద ఒట్టు" అంది రజియా.

ఈశ్వరమ్మ అడ్డు తప్పుకుని కోడలి చెయ్యి పట్టుకుంది. బుగ్గమ్మే ఆటోను మళ్లించింది. దారిలో మల్లిక తల నా భుజం మీద ఆనించి కళ్లు మూసుకుంటే, నిద్రపోయిందో మరేమన్నా అయిందో తెలియక అడుగడుక్కీ పేరు పెట్టి పిలిచాను. ఊ అన్నప్పుడల్లా రజియా ఊపిరి వదిలేది. గతుకు వచ్చినప్పుడల్లా బుగ్గమ్మ ఆ పిల్ల పొట్టకు తన చెయ్యి అడ్డం పెట్టేది.

తాండూరులో ఒక దవాఖానలో దింపాం. బీపీ చూసిన నర్సు ఇంకోసారి చూసి, డాక్టరు కోసం పరుగెత్తింది. ఇన్నాళ్లూ ఏం చేశారని, చదువుకున్నట్టే ఉన్నారు కదా అని డాక్టరమ్మ మమ్మల్ని కడిగేసింది. రేపటి దాకా ఆగి ఉంటే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు అంది. మంచం మీదికి ఎక్కించారు, సూది వేశారు. ఈశ్వరమ్మ మంచం కోడు పట్టుకుని కింద కూర్చుంది.

బల్ల దగ్గర ఒకమ్మాయి కంప్యూటర్ ముందుకు జరిగి, "పేషెంట్ పేరు?" అంది.

"మల్లిక."

"ఊరు?"

ఒక ఊరి పేరు రెండు రకాలుగా రాశారని నిద్ర చెడగొట్టుకున్న మనిషి రజియా. ఒక అంకె తప్పు పడితే దొంగతనం చేసినట్టు బాధపడే మనిషి. ఈశ్వరమ్మ తలుపులోంచి ఆమె వైపే చూస్తోంది.

"తాండూరు" అంది రజియా. తన ఇంటి నంబరే చెప్పింది. ఆ అమ్మాయి టైపు చేసుకుంది. ఆధార్ అడిగితే రేపు తెస్తామని నేనన్నాను.

వరండాలోకి వచ్చాక రజియా గోడకానుకుని కూలబడింది. నేను పక్కన కూర్చుని, బతికింది కదమ్మా, ఇంకెందుకు భయం అన్నాను.

"మల్లిక నా గొంతు గుర్తుపట్టి తలుపుల దాకా వచ్చింది అక్కా" అంది. "గా ఊర్ల నాకు ఎరుకున్నది మల్లిక ఒక్కతే. తక్కినోళ్లు ఎవల గొంతుకు తలుపు తీస్తరు?"