కర్రకి కర్ర మూడుసార్లు

మా అమ్మాయి హాకీ కర్రకి ఏ వాసనా లేదు. అదేదో ఫైబరట, చల్లగా, నున్నగా ఉంటుంది. తొంభైల్లో మేము జాలరిపేట దగ్గరి బడి మైదానంలో ఆడిన చెక్క కర్రలైతే, పిడికి చుట్టిన గుడ్డలోంచి చెమట, సముద్రపు చెమ్మ, కాల్చిన తేగల మసి, పోర్టు నుంచి గాలికి కొట్టుకొచ్చే ఇనప ఖనిజం ఎర్రదుమ్ము అన్నీ కలిసి ఓ వాసన వచ్చేది, ఇంటికెళ్ళి ఎంత తోముకున్నా చేతుల్ని వదిలేది కాదు.

గోల్ కొట్టడం అందరికీ ఇష్టం. నాకు మాత్రం ఆగిన ఆట మళ్ళీ ఎలా మొదలవుతుందన్నదే వింత. మొదటి బంతిని ముందుకి కాక వెనకున్న మన పిల్లకే ఎందుకివ్వాలి? గోల్ వేసినవాళ్ళకి కాక తిన్నవాళ్ళకే బంతి మధ్యలో పెట్టి ఇవ్వడమేమిటి? గీత దాటించినా, కాలికి తగిలించుకున్నా బంతి ఎదుటివాళ్ళదే, సరే, తప్పెవరిదో తెలుసు కనుక. మరి తప్పు ఎవరిదీ కానప్పుడో? ఈ ప్రశ్నలతో డ్రిల్లు మాస్టార్ని ఎంత వేపుకు తినేదాన్నంటే, నన్ను చూడగానే ఆయన విజిల్ నోట్లో పెట్టేసుకునేవారు.

ఎవరిదీ కానప్పుడు బుల్లీ. బంతిని మధ్యలో పెట్టి, ఇద్దరు ఎదురెదురుగా నిలబడి, నేలకోసారి, కర్రకి కర్ర ఓసారి, అలా మూడుసార్లు తట్టాకే బంతిని ముట్టాలి. ఇక్కడే జాలరిపేట పిల్లలకి తిప్పలు. ఒడ్డున ఇంటిల్లిపాదితో కలిసి వల తాడు లాగిన చేతులాయె, మూడో తట్టు పడకుండానే "ఐలెస్సా" అంటూ బంతిని తమవైపు లాగేసేవాళ్ళు. మాస్టారు మళ్ళీ మొదటికి రమ్మనేవారు. అందరికన్నా ముందు లాగేసేది నూకరత్నం, నా ప్రాణస్నేహితురాలు.

ఓ చలికాలం, తేగల రోజుల్లో, రత్నం నాతో మాట మానేసింది. తన పుస్తకాల సంచి చేపల కంపని ఎవరో అన్నారట, ఆ అన్నది నేనే అనుకుంది. నేను అనలేదు. చెబుదామంటే దగ్గరికి రానిస్తేనా? పక్కన కూచోదు, తేగ విరిచి సగం ఇవ్వదు. నాకు అన్నం సహించేది కాదు. ఈ స్నేహం ఇక ఇంతేనేమో అని భయం పట్టుకుంది.

ఓ సాయంత్రం చెరో వైపు ఆడుతున్నాం. బంతి వెళ్ళి గోల్‌కీపర్ కాలికి కట్టుకున్న ప్యాడ్‌లో ఇరుక్కుంది. మాస్టారు విజిల్ ఊది, బుల్లీకి మా ఇద్దర్నే పిలిచారు. కావాలనే పిలిచారో, దగ్గర్లో ఉన్నామనో, ఇప్పటికీ తెలీదు.

నేల, కర్ర. రత్నం తలెత్తలేదు. నేల, కర్ర. ఆమె కర్ర జారి నా వేలికి తగిలింది.

"నెప్పెట్టిందేటి?" అంది, కిందకే చూస్తూ.

"ఆ మాట నాను అన్లేదే, రత్నం."

ఆమె కర్ర గాల్లోనే ఆగింది. "మరిన్నాల్లూ సెప్పవేటి?"

మూడో తట్టు పడింది. ఎప్పుడూ ముందే లాగేసే పిల్ల ఆ రోజు లాగలేదు. నేనూ ముట్టుకోలేదు. బంతి మా ఇద్దరి మధ్యా అలాగే ఉండిపోయింది. మాస్టారు కూడా తొందర పెట్టలేదు.

ఆ మైదానంలో ఇప్పుడు అపార్ట్‌మెంట్లు లేచాయి. అప్పట్లో బడి గేటు దగ్గర మాకు తేగలమ్మిన అవ్వా లేదు. మొన్న మా అమ్మాయి ఆట చూడ్డానికి వెళితే బుల్లీ పడింది, పిల్లలిద్దరూ కర్రలు ఒక్కసారి తగిలించి పరుగెత్తేశారు. రూలు మారిందట, మూడుసార్లు కాస్తా ఒకసారైందట. ఇంటికి రాగానే రత్నానికి ఫోన్ చేసి చెప్పాను.

"ఒక్కటేనేటి?" అంది. "మరా పిల్లలు మాటాడుకునేదెప్పుడే?"