మా బిడ్డ కట్టిన అక్క ఇల్లు

వికారాబాదుల మా ఇంట్ల ఒక పాత బకెట్ నిండ ప్లాస్టిక్ బ్లాకులుండేవి. తెలిసినవాళ్ల పిల్లలు ఆడి విడిచిపెట్టినవి. సక్కటి ఇటుకలు తక్కువ, వింత ముక్కలే ఎక్కువ. ఈతగాని బొమ్మ కాళ్లకు తొడిగే తెడ్లు, అస్థిపంజరం బొమ్మ చేతులు, కారు స్టీరింగులు. దేనికీ అతకని ఆ ముక్కలంటేనే మా బిడ్డకు ఇష్టం.

ఒక ఎండకాలం తాండూరుల మా అక్క ఇంట్ల ఉండి వచ్చినంక, ఆ ఇంటిని కట్టుడు మొదలుపెట్టింది. బూడిదరంగు పలకలు పరిచి నాపరాళ్ల అరుగు చేసింది. స్టీరింగును నిలబెట్టి బాయి గిరక అన్నది. ఆకుపచ్చ తెడ్లు గుండ్రంగ గుచ్చితే బొప్పాయి చెట్టయింది. బట్టల దండెం కట్టనీకి అస్థిపంజరం చేతులు గోడకు పెట్టింది.

అక్క ఏదో పని మీద వచ్చి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది.

"ఓ తమ్మీ, గిది మా ఇల్లే! బొప్పాయి చెట్టు గూడ గట్లనే ఒంగింది!"

పోయేటప్పుడు, "గిది నాకిస్తవా బిడ్డా?" అని అడిగింది.

"బస్సుల ఇరుగుతది అత్తా. నేనే మంచిగ ప్యాక్ చేసి తెస్త."

"తే తియ్యి, తొందరేమున్నది."

బడి మొదలైంది. పోదాం పోదాం అనుకుంటనే ఉన్నం. ఒకనాడు రైలు కట్టాలని మా బిడ్డ ఆ ఇంటిని విప్పేసింది. మళ్ల కట్టొచ్చు గదా అనుకున్నం. ఫోటో తియ్యాలన్న సోయి ఎవరికీ రాలే.

మరుసటేడు రోడ్డు వెడల్పుల అక్క ఇంటి అరుగు, బాయి, చెట్టు అన్నీ పోయినయి. మిగిలిన గోడలు పగుళ్లిస్తే బావ కూలగొట్టించిండు. కిరాయి ఇంట్లకు మారినంక అక్క ఫోన్ చేసింది.

"తమ్మీ, బిడ్డ కట్టిన ఇల్లున్నది గదా? జర తీసుకరారాదు."

లేదని చెప్పలేకపోయిన. నేను, బిడ్డ ఇద్దరం బకెట్ కుమ్మరించుకొని కూసున్నం. ముక్కలన్నీ దొరికినయి. కాని బాయి ఎంత దూరముండె, దర్వాజ ఎటు తెరుసుకునేది అంటే తలో తీరు చెప్పినం. పోయి చూసొద్దామంటే ఇల్లే లేదాయె.

తోచినట్టు కట్టి, ఒళ్ల పెట్టుకొని తాండూరు పోయినం. అక్క దాన్ని చాన సేపు తిప్పి తిప్పి చూసింది.

"మంచిగ కట్టినవు బిడ్డా," అన్నది. తర్వాత గోడ మీద ఏలు పెట్టి, "గీడ దీపం గూడు ఉండె," అన్నది మెల్లగ.

మా బిడ్డ మిగిలిన ముక్కలు తెచ్చిన సంచిల చెయ్యి పెట్టి ఎతుకుతా, "ఎంత ఉండె అత్తా?" అని అడిగింది.

అక్క చేతులతోటి చూపియ్యబోయి ఆగింది. ఆమెకు గూడ సరిగ యాదికి రాలే.