పొట్లపందిరి, సోకుగడ్డి

కారంపూడి ముసాఫరు బంగళా మాలీ రసూలు ఎండాకాలంలో జ్వరమొచ్చి చనిపోయాడు. మరుసటి వారం నుంచే మొక్కలకు నీళ్ళు పోయడం మొదలుపెట్టింది అతని భార్య జైనాబ్ బీ. ఊళ్ళో ఎవరికీ అది వింతగా తోచలేదు. పన్నెండేళ్ళుగా ఆ లోతుబావి నీళ్ళు తోడుతున్నది ఆమే. రసూలు గులాబీ అంట్ల దగ్గర నిలబడి, బంగళాలో దిగిన ఆఫీసర్లతో మాట్లాడుతుండేవాడు. అతని మాట మంచిది. ఆమె చెయ్యి మంచిది.

మనిషి మారిన సంగతి తోటకు తెలియలేదు గాని ఓవర్సీరు గారికి తెలిసింది.

"ఆడమనిషిని మాలీగా రాసుకున్న కాగితం నా దగ్గర ఒక్కటీ లేదు," అన్నాడాయన రిజిస్టరు తిరగేసి. "నరసరావుపేటలో ఒకతను ఈ పని అడుగుతున్నాడు. సరే, కార్తీకంలో ఇంజనీరు గారు తనిఖీకి వస్తారు. తోట చూసి ఆయన ఎవరిని ఉంచమంటే వాళ్ళు. అప్పటిదాకా చెయ్యి."

మాలీకి బంగళా వెనక ఒక గది ఇచ్చారు. పని పోతే గదీ పోతుంది. జైనాబ్ బీకి పుట్టింటివాళ్ళు లేరు. అత్తింటివాళ్ళు ఉన్నా లేనట్టే. కార్తీకానికి ఇంకా ఎన్నాళ్ళుందో వేళ్ళమీద లెక్కపెట్టుకుని బొక్కెన అందుకుంది.

ఆషాఢంలో ఓవర్సీరు గారు తడిపిన గోనెసంచి ఒకటి ఒళ్ళో పెట్టుకుని బస్సు దిగాడు. యుద్ధం రోజులు, పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడుస్తున్నాయి. ఆయన పంచె, కండువా, ముక్కు నల్లగా ఉన్నాయి. సంచిలో గడ్డి మాత్రం పచ్చగా ఉంది.

"బెంగుళూరు నుంచి తెప్పించా. అక్కడ దొరల బంగళాల ముందు ఇదే వేస్తారు."

"ఏం కాస్తది సార్?"

"కాయదు."

"గొడ్డు తింటదా?"

"తినకూడదు. తినకుండా చూడటమే నీ పని."

 జైనాబ్ బీ బంగళా మెట్లకు ఎడమ పక్క గోతులు తీసి ఆ పిలకలు నాటింది. కుడి పక్క నేలను మాత్రం ముందే తవ్వి ఎరువు కలిపి ఉంచింది. సర్కారు జాగాల్లో కూరగాయలు పండించాలని కచేరీ నుంచి వచ్చిన కాగితం బంగళా వంటవాడు ఆమెకు చదివి వినిపించాడు. ఓవర్సీరు గారు ఆ గుంతలు చూసి ఏంటివి అని అడిగితే, ఆమె ఆ కాగితమే తెచ్చి చేతికిచ్చింది.

"పొట్ల పెడదామని సార్."

బంగళా ముఖాన పొట్లపాదేమిటని ఆయనకు ఒళ్ళు మండింది. కానీ కాగితం కింద, అందినట్టు, తన సంతకమే ఉంది.

"పెట్టు. దాని పక్కన నా గడ్డి ఎట్లా ఉంటదో నువ్వే చూద్దువు గాని."

పందెం అనే మాట ఎవరూ అనలేదు. అయినా ఆ రోజు నుంచి అది పందెమే అయింది.

పొట్ల ఆమె పుట్టింటి విద్య. గింజ నానబెట్టడం, వేపగుంజలు పాతి కందికంప పరచడం ఎవరైనా చేస్తారు. అసలు పని పిందె దిగాక మొదలవుతుంది. పొట్లపిందెను దాని మానాన వదిలేస్తే పాములా చుట్టలు చుట్టుకుంటుంది. కొసకు రాయి కడితేనే నిలువుగా సాగుతుంది. రాయి బరువైతే పిందె తెగుతుంది, తేలికైతే వంకర తిరుగుతుంది. అందుకని జైనాబ్ బీ నాగులేటికి పోయి గులకరాళ్ళు ఏరుకొచ్చేది. రేగ్గాయంతవి, ఉసిరికాయంతవి, నిమ్మకాయంతవి మూడు మూటలు. పిందె జానెడైనప్పుడు ఒకటి, మూరెడైనప్పుడు ఒకటి. అరటినారతో ముందు ఒక జారుముడి, దానిమీద అడ్డంగా ఇంకో ముడి వేసేది. ఆ ముడి ఆమె తల్లిది. మరొకరు వేస్తే ఊడిపోయేది.

బంగళా ఊడ్చే మణెమ్మ ఇదంతా చూస్తూ మెట్లమీద కూర్చునేది. ఇద్దరిదీ ఒకే వయసు. మణెమ్మ ప్రతి ఆదివారం చర్చికి పోయి వచ్చి, అక్కడ పాడిన పాటలు వారమంతా చీపురుతో పాటు పాడుతుంది.

"ఏంది బీబమ్మా, పాపం దాని మెడకు రాళ్ళు కడతన్నావు. ఏం తప్పు చేసింది?"

"నీ నాలిక్కి కడితే బాగుండు. కూర్చుంటే లేవవు, మొదలుపెడితే ఆపవు."

"దగ్గరకు రాకు తల్లీ. నీ ఒంటినిండా పొట్లాకు కంపు."

"కాయ కోసినప్పుడు మాత్రం కంపు రాదుగా నీకు."

మణెమ్మే ఎడమ పక్క గడ్డికి సోకుగడ్డి అని పేరు పెట్టింది. పని చెయ్యదు, కాయ కాయదు, కూర్చుని జుట్టు దువ్వుకుంటుంది అని. ఆ పేరే ఊళ్ళో నిలిచింది.

జైనాబ్ బీకి మొదట్లో ఆ గడ్డి పొడ గిట్టేది కాదు. కానీ ఆమె మనసులో అబద్ధం ఆడుకునే మనిషి కాదు. శ్రావణం నాటికి ఒక సంగతి గమనించింది. పొట్లకు రోజూ పన్నెండు బొక్కెనలు పొయ్యాలి. ఆకు తిరగేసి పురుగులు ఏరాలి, కొత్త తీగకు దారి చూపాలి, రాళ్ళు మార్చాలి. ఒక్క పూట మరిచిపోతే తెల్లారేసరికి వాడిపోయి, ఏమైపోయావని అడిగినట్టు చూసేది. సోకుగడ్డి రెండు రోజులకో బొక్కెనతో సరిపెట్టుకునేది. పురుగు పట్టలేదు. గాలొస్తే వంగేది, గాలి పోతే లేచేది. ఆమెను ఎప్పుడూ ఏదీ అడగలేదు.

ఆశ్వయుజంలో దాని మధ్య నుంచి కంకులు లేచాయి. తెల్లవి, ఏకిన దూది అంత మెత్తవి. సందెవేళ ఒక పక్క పొట్లపూలు విచ్చుకునేవి, ఇంకోపక్క కంకులకు ఎండ తగిలేది. మణెమ్మ ఇంటికి పోయాక జైనాబ్ బీ గడ్డి దగ్గర నిలబడి ఒక కంకిని చెంపకు ఆనించుకుంది. వెంటనే ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూసి, బొక్కెన తీసుకుని పొట్ల దగ్గరకు పోయింది.

ఇంజనీరు గారు గురువారం వస్తారని సోమవారం కబురొచ్చింది. బంగళా అంతా బూజు దులపాలి. మణెమ్మ చీపురు అరిగి అరిగి గుప్పెడు పుల్లలుగా మిగిలింది. కొత్తది కావాలని ఆర్నెల్ల నుంచి అడుగుతుంటే ఓవర్సీరు గారు యుద్ధం అయిపోనీ అంటున్నాడు.

"ఎక్కడన్నా చూసి నాలుగు మంచి చీపుళ్ళు కట్టుకోవే, నేను ఏటికి పోయి వస్తా," అని చెప్పి, జైనాబ్ బీ రాళ్ళ కోసం బయల్దేరింది.

మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి వరండా అద్దంలా ఉంది. దూలాల మీద ఒక్క బూజు పోగు లేదు. మణెమ్మ పాట పాడుతూ తలుపు సందులు ఊడుస్తోంది. ఆమె చేతిలో కొత్త చీపురు, గోడకు ఇంకో మూడు. తెల్లగా, గుబురుగా ఉన్నాయి.

జైనాబ్ బీ వెనక్కి తిరిగి చూసింది. సోకుగడ్డి గుండు కొట్టించుకున్నట్టుంది.

"కంకి ముదిరింది బీబమ్మా. ఇంకో వారమైతే రాలిపోయేది," అంది మణెమ్మ. "చానా బాగా ఊడుస్తంది. ఇన్నాళ్ళకు ఒక పనికొచ్చింది."

మణెమ్మను తిడదామనుకుని ఆగింది. పల్నాట్లో కంకి ముదిరిన గడ్డిని చూస్తే ఎవరైనా చేసేది అదే. చూసి ఆనందించడానికి గడ్డి పెంచుతారని మణెమ్మకు చెప్పినవాళ్ళు లేరు. పైగా కట్టుకోమన్నది తనే.

"ఆ చీపుళ్ళు విప్పు," అంది.

"విప్పి?"

"ఎక్కడివక్కడ పెడదాం."

బుధవారం సాయంత్రం దాకా ఇద్దరూ గడ్డిలో కూర్చున్నారు. మణెమ్మ ఒక్కో కంకి దులిపి అందిస్తే, జైనాబ్ బీ దాన్ని కోసిన మొదలుకు ఆనించి అరటినారతో ముడి వేసింది. అరవైదాకా వేసి లెక్క మరిచిపోయింది.

గురువారం పొద్దున ఓవర్సీరు గారు ముందుగా వచ్చి చూసి మురిసిపోయాడు. "నేను చెప్పలా?" అన్నాడు. ఇంజనీరు గారి కారు పది గంటలకు ఆగింది. ఆయన పొడుగ్గా, మాటలు తక్కువగా ఉన్నాడు. మెట్లెక్కబోతూ ఆగి, ఏదో ఆలోచిస్తూ ఒక కంకి మీద చెయ్యి వేశాడు. అది ఆయన చేతిలోకి వచ్చేసింది, చివర నారముడితో సహా.

ఓవర్సీరు గారు ఒక అడుగు వెనక్కి వేశాడు.

ఇంజనీరు గారు కంకిని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇంకోటి లాగాడు. అదీ వచ్చింది. చుట్టూ చూసి, మెట్లు దిగి పొట్లపందిరి కిందికి నడిచాడు. ఒక కాయ కొసన వేలాడుతున్న రాయిని పట్టుకుని దాని ముడి చూశాడు. చేతిలో ఉన్న ముడినీ చూశాడు.

"ఈ ముళ్ళు ఎవరివి?"

"నావే సార్," అంది జైనాబ్ బీ. తర్వాత దాచడానికి ఏమీ మిగల్లేదు గనక మొత్తం చెప్పింది. చీపురు అరిగిన సంగతి, తను కట్టుకోమన్న సంగతి, కంకులు అతికించిన సంగతి. మణెమ్మ స్తంభం వెనక నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఈ రాయెందుకు?"

"నిలువుగా పెరగడానికి."

"ఎంత రాయి కట్టాలో ఎట్లా తెలుసు?"

"వేలితో కాయ కొస పట్టుకుంటే తెలుస్తది సార్. రోజూ చూడాల."

ఆయన రెండు పక్కలా చూశాడు. "ఒక్కటే ఉంచమంటే ఏది ఉంచుతావు?"

నాలుగు నెలలుగా ఆమె ఎదురుచూసిన ప్రశ్న అదే. జవాబూ సిద్ధంగానే ఉండాలి. కానీ నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"పొట్లతో చానా బాధ సార్. దినమంతా పిలుస్తది. ఆ గడ్డి ఏం అడగదు. చూస్తా నిలబడితే పొద్దు తెలవదు. రెండూ ఉండనీయండి." కాస్త ఆగి అంది, "మనిషిని కూడా మార్చకండి."

 ఇంజనీరు గారు కంకిని పుస్తకంలో పెట్టుకుని లోపలికి పోయాడు. మధ్యాహ్నం ఆయన పళ్ళెంలో పొట్లకాయ కూర మిగల్లేదని వంటవాడు వచ్చి చెప్పాడు. దానికి ఏం అర్థం చెప్పుకోవాలో ఆమెకు తెలియలేదు. ఆ తర్వాత మూడు వారాలు బొక్కెన జారిపోయేంత పరధ్యానంగా నీళ్ళు తోడింది.

మార్గశిరంలో కాగితం వచ్చింది. ఓవర్సీరు గారు వరండాలో నిలబడి చదివాడు. బంగళా మాలీగా జైనాబ్ బీని ఖాయం చేయడమైనది. గడ్డి, పాదు రెండూ ఉన్నచోటనే ఉంచవలెను. బంగళాకు ఏటా డజను చీపుళ్ళు తప్పక ఇవ్వవలెను. చివరి వాక్యం దగ్గర ఆయన గొంతు కొంచెం తగ్గింది.

చీపుళ్ళు గుంటూరు నుంచి వచ్చాయి. మణెమ్మ ఒకదానితో వరండా సగం ఊడ్చి, నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది.

"దానంత బాగా ఊడవదు బీబమ్మా ఇది."

జైనాబ్ బీ కాపు అయిపోయిన పందిరి నుంచి రాళ్ళు విప్పి, సైజు ప్రకారం మూటలు కడుతోంది. తలెత్తి సోకుగడ్డి వైపు చూసింది. కత్తిరించిన చోటే కొత్త కంకులు నాలుగైదు లేచాయి, ఈసారి వాటి కాళ్ళమీద అవే.

"ముదరనీ," అంది. "వెనక పక్కవి కోసుకుందువు గాని."