ఏటికి వెయ్యని పెన్నీ

అమ్మమ్మ పాత చలికోటు మడతపెడుతుంటే జేబులో ఓ పెన్నీ, అంటే ఇక్కడి పైసా నాణెం, తగిలింది. రాగి వాసన వేళ్లకు అంటుకోగానే ఈ పరాయి దేశంలో మేముండే కిచెనర్ ఊళ్లో ఏటి వంతెన మీద మళ్లీ చిన్నపిల్లనై నిలబడ్డాను.

రాజమండ్రి నుంచి మమ్మల్ని చూడ్డానికి వచ్చిన అమ్మమ్మ, సాయంత్రం నడకకు వెళ్లినప్పుడల్లా ఏట్లోకి ఒక పెన్నీ వేసి దణ్ణం పెట్టేది. నాచేతా వేయించేది.

"ఇక్కడ ఇదేనే మన గోదారమ్మ" అనేది.

నాణెం ఎండలో ఒక్కసారి మెరిసి మునిగిపోయేది. ఏటి అడుగున రాగిరంగు వెలుగులో చేపలు ఈదుతున్నట్టు నాకు కలలొచ్చేవి.

ఒకరోజు కొట్లో కౌంటర్ దగ్గరాయన, ఇకమీదట పెన్నీలు ఉండవని నాన్నతో అన్నాడు. ఇంటికి రాగానే భయంభయంగా అమ్మమ్మ చెవిలో చెప్పాను.

"అమ్మమ్మా, పెన్నీస్ అన్నీ మనమే ఫినిష్ చేసేశాం!"

అమ్మమ్మ నవ్వలేదు. "అయ్యో, అలాగా తల్లీ! అయితే ఇంక వెయ్యొద్దులే" అంది.

మర్నాడు వంతెన మీద ఉత్త చేతులతోనే దణ్ణం పెట్టింది. ఆవిడ దగ్గరా అయిపోయాయి కాబోలు అనుకున్నాను.

తయారీ ఖర్చు ఎక్కువై ప్రభుత్వమే వాటిని ఆపేసిందని తర్వాత తెలిసింది. అమ్మమ్మ జేబులో ఒకటి మిగిలే ఉందని మాత్రం ఈరోజే తెలిసింది. నా భయం తీర్చడానికి ఆవిడ గోదారమ్మనే ఆగమంది.