తవుడు పోసి కొన్న పిల్లాడు

నాకు ఎవరి మాటా ఓ పట్టాన నమ్మబుద్ధి కాదు. పాలు పోసేవాడు కొంచెం ఎక్కువగా నవ్వితే చెంబులోకి తొంగి చూస్తాను. ఈ గుణం ఎక్కణ్ణుంచి వచ్చిందని మా ఇంట్లోవాళ్లు దెప్పుతుంటారు. నాకు తెలుసు ఎక్కణ్ణుంచో. సగం మా నాయనమ్మ పెంపకంలో అబ్బింది. మిగతా సగం, చిన్నతనంలో తొడలో గడ్డ లేచి దొరసాని ఆసుపత్రిలో పడి ఉన్నప్పుడు వచ్చింది. ఆ కాలు ఇప్పటికీ కొంచెం ఈడుస్తూనే నడుస్తాను.

మాది నరసాపురానికి దిగువన, గోదారి సముద్రంలో కలిసే చోట, చేపలు పట్టుకుని బతికే ఇల్లు. నాకు ముందు అమ్మకి పుట్టినవాళ్లెవరూ దక్కలేదు. అందుకని నేను పుట్టగానే నన్ను చేటలో వేసి పెంటకుప్ప మీద పెట్టారు. పక్కింటావిడ ఎత్తుకుపోయింది. అమ్మ ఆవిడకి తవుడు పోసి నన్ను తిరిగి కొనుక్కుంది. బిడ్డ పరాయివాడై, అందులోనూ తవుడుకి వచ్చేంత చవకవాడైతే చావు వాడి జోలికి రాదని మావాళ్ల నమ్మకం. మా వాడలో అలాంటి పిల్లలు ఇంకా ఉండేవారు. వాళ్ల ఇళ్లలో ఆ తంతు ఒక ముతక పేరు పెట్టడంతో సరిపోయేది. మా నాయనమ్మ అంతటితో వదిలే మనిషి కాదు. నేను అమ్మని పిన్నీ అని పిలవాలి. అమ్మ నన్ను ఎక్కడా కొడుకు అనకూడదు. ముక్కుకి రాగి పోగు ఒకటి. ఎవరైనా పిల్లాడు ముద్దుగా ఉన్నాడంటే నాయనమ్మ పక్కకి ఉమ్మేసి, "ఏం ముద్దులే, పోసిన తవుడు దండగ" అనేది.

మొదట్లో ఇదంతా ఆటనుకున్నాను. కాస్త ఊహ తెలిసేసరికి లోపల పురుగు తొలవడం మొదలైంది. ఆటైతే ఎప్పుడో ఒకప్పుడు ఆపాలి కదా! తలుపు వేసుకున్నాక కూడా అమ్మ ఆపేది కాదు. తల దువ్వేది, ముళ్లు తీసి చేపముక్క నోట్లో పెట్టేది, ఆ ఒక్క మాట మాత్రం అనేది కాదు. నిజంగానే కొన్నారేమో, అసలు అమ్మ ఇంకెక్కడో ఉందేమో అని నాకు అనుమానం.

అలాంటి రోజుల్లో గడ్డ లేచింది. ఆకులు కట్టారు. గరిటె కాడ కాల్చి వాతలు పెట్టారు. జ్వరం దిగలేదు సరికదా, తొడ అరటిబోదెలా వాచింది. నాన్న వేటకి పడవల మీద కాకినాడ వైపు వెళ్లి ఉన్నాడు. కబురు పంపి ఆయన వచ్చేదాకా ఆగితే నేను ఉండనని అమ్మకి అర్థమైంది. కాలువ పడవలో పడుకోబెట్టి పట్నం బయలుదేరదీసింది. ఆసుపత్రి వద్దు వద్దంటూనే నాయనమ్మ అందరికంటే ముందెక్కి కూర్చుంది.

గట్టు మీద మనుషులు తాడు పట్టి పడవ లాగుతున్నారు. నాయనమ్మ దారి పొడుగునా చెబుతూనే ఉంది. "ఆ దొరసాని మనుషుల ఊపిరి సీసాలో పట్టి దాత్తాదంట. ఊపిరి లేనోణ్ణి కోత్తే అరవడు గదా!" నిడదవోలు లాకుల దగ్గర పడవ ఆగినప్పుడు అమ్మ దగ్గరికి జరిగి గొంతు తగ్గించింది. "ఏమే, అక్కడ నోరు జారకు. ఆసుపత్రంటే చావు కాపురమున్న ఇల్లు. అక్కడ నువ్వు కొడుకన్నావో, ఇదుగో తీసుకోమని చావు చేతిలో పెట్టినట్టే." అమ్మ తలూపింది. నేను కళ్లు మూసుకుని అంతా విన్నాను.

దొరసాని క్రైస్తవ మిషను డాక్టరు. ఆవిడకి తెలుగు వచ్చు గానీ అది పుస్తకం చదువుతున్నట్టుండేది. పక్కన ఒక నర్సమ్మ. చూడ్డానికి మన మనిషే. కానీ పసిబిడ్డగా ఉన్నప్పుడే దిక్కులేక మిషనువాళ్ల చేతుల్లో పడి, వాళ్ల అనాథ పిల్లల ఇంట్లోనే పెరిగిందట. మన ఇళ్లలో జరిగేవి ఆవిడకి తెలిసే దారి లేదు.

"ఈ పిల్లాడు నీకేమవుతాడు?" అని నర్సమ్మ అమ్మని అడిగింది.

"నాకేం కాడండి. తవుడు పోసి కొనుక్కున్నానండి."

నర్సమ్మ నా వైపు తిరిగింది. "ఈవిడ నీకేమవుతుంది బాబూ?"

"పిన్నండి" అన్నాను.

ఇంకెవరైనా అయితే సంగతి పోల్చుకుని ముసిముసిగా నవ్వి ఊరుకునేవారు. నర్సమ్మ నవ్వలేదు. నా తొడ మీద వాతలు చూసింది. ముక్కుకున్న పోగు చూసింది. దొరసానితో ఇంగ్లీషులో ఏదో చెప్పింది. దొరసాని అమ్మ వైపు తిరిగి ఒక చూపు చూసింది. మా బుట్టలో కుళ్లిన చేప కనబడినప్పుడు బేరానికొచ్చినవాళ్లు చూస్తారే, ఆ చూపు.

ఇక అప్పటినుంచి అందరూ అందరికీ కాపలా. అమ్మని నాతో ఒంటరిగా వదలకుండా నర్సమ్మ, నర్సమ్మని వదలకుండా నాయనమ్మ. ఎవరినీ నమ్మకుండా ఇనప మంచం మీద నేను. కప్పులో పల్చటి తెల్ల జావ తెచ్చిచ్చేవారు. అందులో మతం మార్చే మందు కలుపుతారని నాయనమ్మ అంది. ఎవరూ చూడకుండా మంచం కింద ఒంపి, చీమలకేమవుతుందో అని వంగి చూస్తూ పడుకునేవాణ్ణి. చీమలు చావకపోగా చుట్టాలందరినీ వెంటబెట్టుకొచ్చాయి. అయినా తాగలేదు. చీమలకి పడింది మనుషులకి పడాలని ఏముంది?

ఒకసారి అమ్మా నాయనమ్మా ఆవరణలో పొయ్యి రాజేస్తుండగా నర్సమ్మ వచ్చి నా తల నిమిరింది.

"నయమయ్యాక నువ్వు ఇక్కడే ఉండొచ్చు. నీలాంటి పిల్లలున్నారు. చదువు చెబుతారు. నిన్నెవరూ కాల్చరు, ఎవరూ అమ్ముకోరు."

ఆవిడ మంచి మనసుతోనే అందని ఇప్పుడు అనుకుంటున్నాను. అప్పుడు మాత్రం దుప్పటి తల మీదికి లాక్కున్నాను. ఇన్నాళ్లూ లోపల తొలుస్తున్న మాట ఒక పైమనిషి నోట బయటికొచ్చింది. అయితే అమ్మకాలూ కొనుగోళ్లూ నిజమేనన్నమాట.

అమ్మ అన్నం పట్టుకొచ్చి కూర్చోగానే అడిగేశాను. "పిన్నీ, నన్ను నిజంగా కొన్నావా?"

నాయనమ్మ పక్కనే ఉంది. అమ్మ ముద్ద కలుపుతున్న చెయ్యి ఆగింది. "కొన్నానని ఎన్నిసార్లు చెప్పాలి?" అంది. నా మొహంలోకి చూడలేదు. నేను గోడవైపు తిరిగి ఏడ్చాను. కొన్నవాళ్లకి మళ్లీ అమ్ముకునే హక్కు ఉంటుంది. ఈ కాలు మీద విసుగొచ్చి నన్ను ఇక్కడ అమ్మేయడానికే పడవెక్కించారని ఖాయం చేసుకున్నాను.

మర్నాడు పొద్దున దొరసాని కాలు నొక్కి చూసి మొహం ముడుచుకుంది. చీము ఎముక దాకా దిగిందట. వెంటనే కోయకపోతే పిల్లాడు దక్కడంది. "కోయాలంటే కన్నవారు ఒప్పుకోవాలి. వీడికి వారు లేరు. కాబట్టి పూచీ నాది. నయమైన తరువాత వీడు మా వద్దనే ఉంటాడు. మీరు వెళ్లవచ్చును."

నాయనమ్మ లేచి నిలబడింది. "నే చెప్పలేదటే! పిల్లల్ని కాజేసే కొంప ఇది. ఎత్తుకో, పోదాం పద."

ఎత్తుకుపోతే గడ్డ చంపేస్తుంది. వదిలిపోతే నేను మిషనువాళ్ల పిల్లాణ్ణవుతాను. ఉన్న నిజం చెబితే చావు వింటుంది. అమ్మ ముందు ఉన్నవి ఆ మూడే. ఆవిడ మంచం కోడు పట్టుకుని అలాగే కూర్చుండిపోయింది. ఇద్దరు మనుషులొచ్చి నన్ను మోతబల్ల మీదికి మార్చారు. కోసే గది గుమ్మం దాకా తీసుకుపోయారు. అప్పుడు అమ్మ పరిగెత్తుకొచ్చి ఆ బల్ల అంచు పట్టుకుంది.

"నా కొడుకండి" అంది, వినీ వినబడకుండా.

నాయనమ్మ వెనకనుంచి వచ్చి కొంగుతో అమ్మ నోరు నొక్కబోయింది. అమ్మ ఆవిడ చెయ్యి తోసేసింది. ఎప్పుడూ అత్తకి ఎదురు చెప్పని మనిషి!

"నా కొడుకు. నా కడుపున పుట్టాడు. ముందరి పిల్లలు నిలవలేదని, ఈణ్ణన్నా దక్కించుకుందామని కొన్నామన్నాం. మీరు కొయ్యండి. బతికించి నా బిడ్డని నాకిచ్చెయ్యండి."

"మొన్న కాదన్నావు. ఇవాళ పిల్లాణ్ణి వదలాల్సొచ్చేసరికి తల్లినంటున్నావా?" అంది నర్సమ్మ.

ఆవిణ్ణి తప్పుపట్టను. నాకూ అదే అనుమానం వచ్చింది. దొరసాని చెయ్యెత్తి ఇద్దర్నీ ఆపింది. నా మీదికి వంగింది. "బాబూ, నిజము చెప్పు. ఈమె నీకు ఎవరు?"

నేను అమ్మ వైపు చూశాను. గాలివాన లేచి నాన్న పడవ రాకపోతే ఒడ్డున నిలబడ్డప్పుడు కూడా ఆవిడ అలా వణకడం నేను చూడలేదు. ఆవిడ చూపు నా మీద లేదు, దొరసాని మీదా లేదు. నా తల వెనక, గుమ్మం మూల, ఎవరూ లేని చోట ఉంది. అక్కడ ఎవరో నిలబడి తన మాట విన్నట్టు అటే చూస్తోంది. అబద్ధమాడేవాళ్లకి అంత భయం ఉండదు. ఈవిడ నన్ను కొనలేదు.

"మా అమ్మ" అన్నాను.

ఆ మాట పూర్తిగా బయటికి రాకముందే అమ్మ చెయ్యి వచ్చి నా నోరు గట్టిగా మూసేసింది.

"నువ్వనకు నాయనా" అంది. "నేనన్నది చాలు."

దొరసాని ఇంకేమీ అడగలేదు. తలుపు తెరిచి పట్టుకుని అమ్మని కూడా లోపలికి రమ్మంది.